తలుపు ఇవతలి కథ

అంధుల బడి వెనక, మెట్ల కింద, పుస్తకాల గది ఉంది. దానికి ఒకటే తలుపు. ఆ తలుపుకు అవతల కోతల మాస్టారు చెప్పేదాంట్లో పదోవంతు నిజం ఉంటే గొప్ప. తలుపుకు ఇవతల మాత్రం ఆయన నోట్లోంచి వచ్చే ప్రతి అక్షరమూ నిజం, కామాలతో సహా.

ఆయన మాస్టారు కాదు. ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. కాన్వెంటులో సిస్టర్లు నాలుకను సాన పట్టి పంపారు కాబట్టి, మొదట బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో చెప్పే ఉద్యోగం దొరికింది. కోతలు కోయడం అక్కడే అలవాటైందని గిట్టనివాళ్ళు అంటారు. పదేళ్ళు బస్సుల గురించి చెప్పి చెప్పి విసుగెత్తి, ముప్ఫై ఆరో ఏట ఈ బడికి వచ్చాడు. ఇప్పుడు అరవై ఎనిమిది. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, ఆయనకూ గుర్తు రాలేదు.

పని చిన్నదే. అచ్చు పుస్తకం తెరిచి గట్టిగా చదవాలి. ఎదురుగా టైపు కొట్టే అక్క, టైపక్క, ఆరు మీటల మిషను ముందు కూర్చుని, విన్నదాన్ని బ్రెయిలీ చుక్కలుగా దట్టమైన కాగితం మీద కొడుతుంది. టైపక్కకు పుట్టుకతోనే చూపు లేదు. వయసు యాభై దాటింది, అయినా బడిలో పిల్లలకూ పెద్దలకూ అక్కే. ఆయన చదివినట్టే ఆమె కొట్టాలి. అందుకని వాక్యంలో గుర్తులు కూడా పైకి చెప్పాలి. "వర్షం ఆగింది ఫుల్‌స్టాప్ ఎవరక్కడ ప్రశ్నార్థకం కొత్త పేరా" అని రోజుకు ఆరు గంటలు చదివే మనిషి ఇంటికెళ్ళి మామూలుగా మాట్లాడగలడా? "టీ పెట్టావా ప్రశ్నార్థకం" అనేవాడు భార్యతో. "పెట్టలేదు, ఫుల్‌స్టాప్" అనేది ఆవిడ. వాళ్ళ కాపురం ముప్ఫై రెండేళ్ళుగా చక్కగా, విరామచిహ్నాలతో సాగుతోంది.

తలుపు సంగతి టైపక్క పెట్టిన నియమం. ఆయన చేరిన కొత్తలో, ఒకసారి గాలివానలో గొడుగు తనను ఎత్తుకుపోయి మూడు వీధుల అవతల అత్తగారి డాబా మీద దించిందనీ, తన పెళ్ళి అలాగే కుదిరిందనీ చెప్పాడు. ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఒక్కసారి గంభీరంగా అంది.

"మాస్టారూ, మీ కోతలు నాకిష్టమే. కానీ ఒక్కటి. ఈ గదిలో కళ్ళున్నది మీకొక్కరికే. పుస్తకంలో ఏముందో మీరు చెప్తేనే మాకు. తలుపు అవతల మీ ఇష్టం. ఇవతల మాత్రం అచ్చులో ఉన్నదే."

"ఒట్టు చెల్లాయ్. ఈ గదిలో నా నోరు నాది కాదు, పుస్తకానిది."

ఆ ఒట్టు ముప్ఫై రెండేళ్ళు నిలబడింది. ఆయనకున్న ఆస్తి అదొక్కటే అనుకోవచ్చు. ఇల్లు అద్దెది, పళ్ళు కట్టుడువి, కథలు కల్పితాలు. నిఖార్సైనది ఆ గదిలో ఆయన మాట.

ఆ బడిలో ఇంకో పద్ధతి ఉంది. దాని పేరు 'మొదటి వేలు.' కొత్త పుస్తకం చుక్కల్లోకి ఎక్కగానే, నకళ్ళు తీయకముందు, ఒక పిల్లకో పిల్లవాడికో ఇచ్చి చదివిస్తారు. ఎక్కడైనా తప్పు తగిలితే ఆ పేజీ మూలకు చిన్న కాగితం అతుకు అంటించాలి. ఒక్కో అతుక్కి ఒక్కో పిప్పరమెంటు. టైపక్క వేళ్ళు గట్టివి కాబట్టి పుస్తకానికి రెండో మూడో అతుకులు పడేవి. పిప్పరమెంట్ల డబ్బా ఏడాదికోసారి నింపితే సరిపోయేది.

ఆ ఏడాది మొదటి వేలు చీమది. పదకొండేళ్ళ పిల్ల. వేలు కాగితం మీద చీమలా ఆగకుండా పాకుతుందని ఆ పేరు. ఒక్క చుక్క తక్కువైనా ఆ వేలు ఠక్కున ఆగిపోయేది. నోరు కూడా అంతే, కుట్టేది.

"తాతయ్యా, నిన్న మీరు చెప్పిన కథలో మొసలికి పళ్ళు నలభై అన్నారు. ఇవాళ అరవై అంటున్నారు."

"రాత్రికి రాత్రి మొలిచాయే చీమా. పాలపళ్ళు ఊడినట్టున్నాయి."

అలా హాయిగా సాగుతుండగా ఆ గడియారాల పుస్తకం వచ్చిపడింది.

కథ ఒక చిన్న ఊరిది. ఆ ఊళ్ళో తెల్లవాళ్ళు ఒక వైపు, నల్లవాళ్ళు కాలవ అవతల. కాలవ అవతలినుంచి ఒక గడియారాల మనిషి ప్రతి ఆదివారం వచ్చి ఇంటింటి గోడగడియారానికీ కీ ఇచ్చిపోతుంటాడు. ఇవతలి ఇళ్ళలో ఒక తొమ్మిదేళ్ళ పిల్లకు ఆయనంటే ప్రాణం. ఒకరోజు ఒక ఇంట్లో వెండి గడియారం పోతుంది. గడియారాల మనిషే దొంగిలించాడంటారు. నిజానికి ఆ ఇంటి కొడుకే దాన్ని ఆడుకుంటూ తూములో జారవిడిచాడు. పిల్ల కళ్ళారా చూసింది. కోర్టులో చూసింది చూసినట్టు చెప్తుంది. న్యాయమూర్తి చిరునవ్వు నవ్వి, "పిల్లది మెత్తని మనసు, ఆ ముసలాణ్ణి కాపాడాలని చూస్తోంది" అంటాడు. గడియారాల మనిషికి జైలు.

మాస్టారు ఏ పుస్తకాన్నైనా ముందు ఇంట్లో ఒకసారి చదువుకుని వచ్చేవాడు. ఆ కోర్టు అధ్యాయం దగ్గర పుస్తకం మూసేశాడు. భార్య అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచినా కంచం దగ్గరికి రాలేదు.

మర్నాడు గదిలో ఆ అధ్యాయం వచ్చింది. మిషను ముందు టైపక్క వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఆయనకు చీమ గుర్తొచ్చింది. ఆ గడుగ్గాయి ముఖం, ఆ నవ్వు. రంగంటే ఏమిటో తెలియని పిల్లలు వీళ్ళు, ఈ ఒక్క మురికైనా అంటకుండా పెరుగుతున్నారు, వీళ్ళకెందుకు ఈ బాధ అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అచ్చులో లేనిది చదివాడు.

న్యాయమూర్తి పిల్ల మాట విని లేచి నిలబడ్డాడు కామా బల్ల దిగివచ్చి గడియారాల మనిషిని కౌగిలించుకున్నాడు ఫుల్‌స్టాప్. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కోతల మాస్టారి నోరు ఊరుకుంటుందా? ఆ క్షణాన ఊళ్ళో గడియారాలన్నీ ఒక్కసారిగా పన్నెండు కొట్టాయి ఫుల్‌స్టాప్. కాలవ కూడా ఒక్క నిమిషం ఆగి విన్నది ఫుల్‌స్టాప్.

పదకొండు పేజీలు. టైపక్క ఒక్క మాట అనకుండా కొట్టింది. ఆ తర్వాత చివరి అధ్యాయం. అందులో కోర్టు ఊసే లేదు. గోడగడియారం ఆగిపోతుంది, పిల్ల కుర్చీ ఎక్కి దాన్ని ముట్టుకుంటుంది, కీ మాత్రం ఇవ్వదు. కోపంతో పిడికిలి బిగించి దిగిపోతుంది. ఆగిన గడియారమే కదా అని మాస్టారు దాన్ని ఉన్నదున్నట్టు చదివేశాడు. పప్పులో కాలేసింది అక్కడే.

పుస్తకం చీమ చేతికి వెళ్ళింది. నాలుగు లావాటి సంపుటాలు. పది రోజుల తర్వాత, మధ్యాహ్నం గంట కొట్టాక, చీమ నాలుగో సంపుటాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని గదిలోకి వచ్చింది. టైపక్క పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"ఎన్ని అతుకులే?" అన్నాడు మాస్టారు డబ్బా మూత తీస్తూ.

"పదకొండు."

"పదకొండా! చెల్లాయ్, నీ వేళ్ళకు వయసొచ్చింది."

"అక్క తప్పు ఒక్కటీ లేదు" అంది చీమ. పుస్తకం తెరిచింది. వరసగా పదకొండు పేజీలకు, ఒక్కో పేజీ మూలనా ఒక్కో అతుకు. "అధ్యాయం మొత్తం తప్పు తాతయ్యా."

మాస్టారు డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. అయినా నవ్వబోయాడు. "అదేం మాటే?"

"కోర్టు పొద్దున పదింటికి మొదలైందని రాసుంది. అరగంటలో అయిపోయింది. మరి గడియారాలన్నీ పన్నెండెలా కొట్టాయి? మంచి గడియారాల మనిషి కీ ఇచ్చినవి అవి. ఒక్కటైనా సరిగ్గా కొట్టాలి కదా? సరే, ఆయన్ని వదిలేశారు. మరి చివర్లో గడియారం ఎందుకాగింది? ఆదివారం ఆయన రాలేదెందుకు? ఆ పిల్ల పిడికిలి ఎందుకు బిగించింది?" చీమ ఊపిరి తీసుకుంది. "కాలవ ఆగి విన్నదట. అలాంటి మాటలు చెప్పేవాళ్ళు ఈ బడిలో ఒక్కరే ఉన్నారు."

మిషను మీద టైపక్క చేతులు కదల్లేదు.

"మాస్టారూ," అంది టైపక్క, "అచ్చులో ఏముంది?"

చెప్పాడు. దాచలేదు.

"నీకు అనుమానం రాలేదా చెల్లాయ్?" అన్నాడు చివర, నీళ్ళు నములుతూ.

"వచ్చింది. చివరి అధ్యాయం కొడుతున్నప్పుడే వచ్చింది. కానీ ఈ గదిలో మీ మాటను అనుమానించడం నాకు అలవాటు లేదు. నా చెవే ఎక్కడో దారి తప్పిందేమో అనుకున్నా."

తిట్టి ఉంటే నయంగా ఉండేది.

"పిల్లలు కదా," అన్నాడాయన. "రంగులెరగని పిల్లలు. ఆ గోలేదో వీళ్ళకెందుకు తెలియాలి అని…"

చీమ పకపకా నవ్వింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు, నవ్వింది.

"తాతయ్యా, నేను నల్లగా ఉంటానని నాకు తెలీదనుకున్నారా? నాలుగేళ్ళప్పుడే తెలుసు. మా పెద్దత్త గుమ్మంలో నిలబడి మా అమ్మతో అంది, 'చూపు లేదు సరే, రంగన్నా ఉంటే బాగుండేది' అని. చూపు లేదు కదా, వినబడదని కూడా అనుకుంటారు అందరూ. నలుపంటే ఏంటమ్మా అని అడిగితే అమ్మ జడ అల్లుతూ ఊరుకుంది. అప్పట్నుంచి అడుగుతూనే ఉన్నా, ఎవరూ చెప్పరు. కనబడని దానికోసం మనిషి మీద ఎందుకు చిరాకు పడతారు? ఆ పుస్తకంలో పిల్ల కూడా అదే అడిగింది, మూడో అధ్యాయంలో. నాలా అడిగే పిల్ల పుస్తకంలో దొరకడం ఇదే మొదటిసారి." పేజీ మూలనున్న అతుకును గోటితో గీరింది. "దానికి కోపం రావాలి. మీరేమో గంటలు కొట్టించేశారు."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. వీళ్ళకేమీ తెలియదని ఇన్నేళ్ళూ తన చెవిలో తనే పువ్వు పెట్టుకున్నాడన్నమాట. ఈ గదిలో అమాయకుడెవరంటే తనే.

"అధ్యాయం మళ్ళీ చేద్దాం" అంది టైపక్క. "కానీ ఎలా? మీరు చదివింది సరైనదో కాదో చూడ్డానికి సాక్షి ఉండాలి."

"నేను కూర్చుంటా" అంది చీమ.

"నువ్వు కూర్చుని ఏం చూస్తావే?"

"అదీ నిజమే" అని చీమ మూతి ముడిచింది. ముగ్గురికీ నవ్వొచ్చింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. అక్కడే చిక్కు. బయటినుంచి కళ్ళున్న ఇంకొకరిని తెచ్చి ఆయన పక్కన కాపలా పెట్టవచ్చు. అలా పెట్టాక ఆయన ఆ కుర్చీలో కూర్చోవడమూ ఒకటే, మానేయడమూ ఒకటే. ఆయనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

"ఒక కథ చెప్తా" అన్నాడు మాస్టారు మెల్లగా.

"ఇది తలుపు అవతల కథా, ఇవతల కథా?" చీమ వెంటనే అడిగింది.

ఆయన లేచి వెళ్ళి తలుపు మూశాడు. గడియ పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించేట్టు గట్టిగా వేశాడు. వచ్చి కూర్చున్నాడు.

"ఇవతల కథ. నాకు పదేళ్ళు. కాన్వెంటులో నాకొక స్నేహితుడు. అందరూ వాణ్ణి బొగ్గు అని పిలిచేవాళ్ళు. నేనూ పిలిచేవాణ్ణి. వాళ్ళమ్మే ముద్దుగా ఆ పేరు పెట్టిందనుకునేవాణ్ణి, నిజంగా. నన్ను చిట్టి అంటారు, వాణ్ణి బొగ్గు అంటారు, అంతే అనుకున్నా. ఒకరోజు ఇద్దరం బంతి ఆడుతున్నాం. ప్రార్థన గదికి రంగు అద్దాల కిటికీ ఉండేది. నేను విసిరిన బంతి తగిలి దాని అద్దం భళ్ళున పగిలింది. పెద్ద సిస్టర్ వచ్చింది. వచ్చి నేరుగా బొగ్గు చెయ్యి పట్టుకుంది. ఎవరు విసిరారని అడగనే లేదు."

"మీరు చెప్పలేదా?" చీమ స్టూలు అంచుకు జరిగింది.

"చెప్పాను! అదే కదా. నేనే పగలగొట్టాను సిస్టర్ అని ఏడుస్తూ చెప్పాను. ఆవిడ నా బుగ్గ నిమిరింది. 'ఎంత మంచి మనసు, స్నేహితుడి తప్పు తన మీద వేసుకుంటున్నాడు' అంది. మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ నా చొక్కాకు సత్ప్రవర్తన బ్యాడ్జీ గుచ్చింది. వాడికి పది దెబ్బలు. ఆ వారమే బడి మాన్పించారు."

టైపక్క మిషను మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వింటోంది.

"వాడు సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే గేటు దాకా పరిగెత్తాను. వాడు నా బ్యాడ్జీ వంక చూసి ఏమన్నాడో తెలుసా? 'నువ్వు ఊరుకునుంటే బాగుండేదిరా. ఇప్పుడు దెబ్బలూ నాకే, మంచి పేరూ నీకే' అన్నాడు. కోపంగా కూడా కాదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. బొగ్గు అనేది వాళ్ళమ్మ పెట్టిన పేరు కాదని అప్పుడు అర్థమైంది నాకు."

"అసలు పేరేంటి?"

మాస్టారు తలుపు గడియ వైపు చూశాడు. "తెలీదు చీమా. ఎప్పుడూ అడగలేదు."

కల్పించేవాడైతే ఒక చక్కటి పేరు పెట్టి ఉండేవాడు. చీమ వేలు ఒళ్ళో ఉన్న పేజీ మీద ఒకచోట ఆగింది. తప్పు తగిలినప్పుడు ఆగినట్టు కాదు, చదవడం అయిపోయినప్పుడు ఆగినట్టు.

"అందుకేనా కోతలు మొదలెట్టారు?" అంది.

"నిజం చెప్తే నమ్మరు కదా, అబద్ధం చెప్తే నమ్ముతారేమో చూద్దామని వారం తిరక్కుండా మొదలెట్టాను. వెంటనే నమ్మారు. మా తాత ఏనుగు మీద ఎక్కి పోస్టు పంచేవాడని చెప్తే క్లాసంతా నోరు తెరుచుకుని వింది. అప్పట్నుంచి నాకూ అలవాటైపోయింది."

టైపక్క చెయ్యి చాచి, వెతికి, చీమ ఒళ్ళోంచి సంపుటం తీసుకుంది. పదకొండు కాగితాలనూ ఒక్కొక్కటిగా పుస్తకం కట్టిన తాడులోంచి విప్పింది. వాటిని చింపలేదు. మడిచి మాస్టారి ముందు పెట్టింది.

"ఇవి మీవి. తలుపు అవతలికి తీసుకుపొండి. మంచి కథే, కాలవ ఆగడం నాకు నచ్చింది కూడా." మిషన్లోకి కొత్త కాగితం ఎక్కించింది. "ఇప్పుడు అచ్చులో ఉన్నది చదవండి."

"సాక్షి?"

"అక్కర్లేదు. చీమా, ఏమంటావ్?"

"చదవండి తాతయ్యా," అంది చీమ. "కామాలు మర్చిపోకండి."

ఆయన చదివాడు. కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చింది, అది ఇద్దరికీ కనబడదు గానీ వినబడింది. వరస చివరికొచ్చినప్పుడల్లా మిషను చిన్న గంట కొట్టేది. న్యాయమూర్తి చిరునవ్వు నవ్వాడు కామా పిల్లది మెత్తని మనసు అన్నాడు ఫుల్‌స్టాప్. ఆ వాక్యం దగ్గర చీమ "ఛీ" అంది గట్టిగా.

"అది కూడా కొట్టనా?" అంది టైపక్క.

"కొడితే బాగుణ్ణు" అంది చీమ. గడియారాల పిల్ల పిడికిలి బిగించినట్టే తన పిడికిలీ బిగించింది. కళ్ళల్లో నీళ్ళు. అయినా కూర్చున్న తీరు ఎక్కడెక్కడో తిరిగి చివరికి తన ఊరు చేరుకున్న మనిషిలా ఉంది.

చివరి పేజీ మిషన్లోంచి బయటికి వచ్చేసరికి సాయంత్రం గంట కొట్టారు. చీమ ఆ పేజీ మీద వేలు నడిపించి, చివరిదాకా వెళ్ళి, తల ఊపింది. ఒక్క అతుకూ పడలేదు.

"నా పదకొండు పిప్పరమెంట్లు?" అంది లేస్తూ.

"పదకొండు తింటే పళ్ళు పుచ్చిపోతాయే."

"రాత్రికి రాత్రి మళ్ళీ మొలుస్తాయిగా. మొసలికి మొలవలేదూ?"

డబ్బా బోర్లించి చూస్తే తొమ్మిదే ఉన్నాయి. మిగతా రెండూ రేపు ఇస్తానన్నాడు. "ఈ మాట తలుపు ఇవతల అన్నారు, గుర్తుంచుకోండి" అని హెచ్చరించి, చీమ గోడ పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

మాస్టారు ఆ పదకొండు పేజీలనూ సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. దారిలో కొట్టు దగ్గర ఆగి పిప్పరమెంట్లు కొన్నాడు. రెండు కాదు, డబ్బా నిండా. ఇంట్లో భార్య గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతోంది.

"ఏమండీ, ఆలస్యమైంది. ఇవాళేం కోత?"

"ఇవాళ కోత కాదే. ఒక పదకొండేళ్ళ పిల్ల నా అబద్ధం పట్టేసుకుంది. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి, గదిలోనే. నిలువునా నిలదీసింది."

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చాల్లెండి సంబడం. మిమ్మల్ని పట్టుకునే పిల్ల ఇంకా పుట్టలేదు."

మాస్టారు నోరు తెరిచి, ఒట్టేసి చెప్పబోయి, మానేశాడు. ఆయనకూ నవ్వొచ్చింది. అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపి, సంచిలోంచి ఒక పిప్పరమెంటు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"సరే, టీ పెట్టు" అన్నాడు. "గొడుగు ఈసారి ఎక్కడ దించిందో చెప్తా."